మంచం కింది వల

నా మంచం కింద ఉండే వాలీబాల్ వలను నన్నడగకుండా తీసుకుపోయారు. మడమ నరం తెగి, కాలికి పిండికట్టుతో నేను మంచాన పడిన మూడో శుక్రవారం అది జరిగింది. చంకకర్రల మీద స్నానాల గదికి పోయి వచ్చేసరికి మంచం కింద నా ట్రంకుపెట్టె ఉంది, నా చెప్పులు ఉన్నాయి, ఆ రెంటికీ మధ్య వల ఉండే చోట దుమ్ము లేని ఒక నలుచదరం ఉంది. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

తీసుకుపోయినవాడు పరాయివాడు కాడు. నా పైమంచం మీద పడుకునే మనిషి. మాది రెండంతస్తుల ఇనుప మంచం. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి కింద నేను, పైన అతను. మా ఊళ్ళు రెండూ రాయచోటికి ఆ పక్కా ఈ పక్కా. నన్ను చిన్నాయనా అని పిలిచేవాడు. కువైట్‌లో ఎగైలా అనే చోట ఒక మాల్‌లో ఏసీల పని అతనిది. ఫహాహీల్‌లో బజారు వెనక వీధిలో మూడో అంతస్తు గదిలో మేము నలుగురం ఉండేవాళ్ళం. నేను పైపుల గోదాములో పనిచేసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసి, తెలుగు పొట్లాల కాగితాల మీద, ఇంగ్లీషు మందుల డబ్బాల మీద, అరబ్బీ ఆ గోదాములో పైపు డబ్బాల మీద నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నవాడికి ఒక గుణం ఉంటుంది. ఏదీ మరిచిపోడు. నా చదువు ఎంత గట్టిగా నాలో నిలిచిందో నాకు జరిగిన అన్యాయాలూ అంత గట్టిగా నిలిచాయి.

వల ఒక వలేగదా అనేవాళ్ళకు చెప్తున్నాను. పందొమ్మిదేళ్ళ కిందట చుట్టీకి, అంటే సెలవుకి, ఇంటికి పోయి వస్తూ, పెట్టెలో ఊరగాయ జాడీలు తగ్గించుకుని మరీ తెచ్చిన వల అది. పైతాడు మూడుసార్లు మార్చాను. చినిగినప్పుడల్లా అల్లింది నేను. మా భవనం వెనక ఒక ఖాళీ ఇసుక నేల ఉంది. పాత లారీ టైర్లలో సిమెంటు పోసి, గోదాములో వంగిపోయాయని పక్కన పడేసిన రెండు పైపులు అందులో నిలబెట్టింది నేను. శుక్రవారం అందరికంటే ముందు వల భుజాన వేసుకుని మెట్లు దిగేవాణ్ణి. వల ఎత్తు ఎంత ఉండాలో కొలిచే బద్ద కూడా నేనే. దాని కింద నిలబడి చెయ్యి పైకెత్తుతాను. నా వేళ్ళ కొసలకు పైన జానెడు. పందొమ్మిదేళ్ళు ఆ నేల మీద వల ఎత్తంటే అదే.

ఆటలో నా చోటు లిఫ్టరు. వెనకనుంచి తడబడుతూ వచ్చిన బంతిని వల దగ్గర వేళ్ళ కొసలతో పైకి లేపి, కొట్టేవాడికి అందేట్టు పెట్టేవాడు. కొట్టినవాడికి చప్పట్లు, లేపినవాడికి తిట్లు. ఇది లోకమంతా ఉన్న న్యాయమే. మా జట్టును నడిపేది మినీబస్సు తోలే రాయచోటి భాయ్. బంతి జానెడు పక్కకు పోయిందంటే చాలు, “ఏం మామా, కండ్లు చేపల మార్కెట్లో పెట్టొచ్చినావా? యాడికి లేపుతాండావు? పక్క బిల్డింగోళ్ళకా?” అని గొంతు చించుకునేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. “కొట్టేది నేర్చుకోరా ముందు, లేపేది నాకు చెప్తువు” అనేవాణ్ణి. అలా తిట్టించుకోవడం నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియదు.

మా ఆటకు రాసిన నియమాలు లేవు, రాయనివి ఉన్నాయి. చుట్టీకి పోయినవాడి చోటు అతనిదే. రెండు నెలలైనా మూడు నెలలైనా అక్కడ ఇంకొకడు ఆడతాడు. పాతవాడు విమానం దిగి, మొదటి శుక్రవారం ఇసుకలో అడుగు పెట్టగానే కొత్తవాడు మాట్లాడకుండా పక్కకు జరుగుతాడు. తొలి సర్వీసు పాతవాడిది. ఇక ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, క్యాన్సిల్ చేయించుకుని పూర్తిగా ఇంటికి పోయేవాడైతే, ఆఖరి శుక్రవారం తన చోట్లో నిలబడవలసినవాణ్ణి తానే చేయిపట్టి నిలబెట్టి పోతాడు. కువైట్‌లో బతికే మాకు మనిషి కనబడకపోవడానికి ఈ రెండే కారణాలు. చుట్టీ, లేకపోతే క్యాన్సిల్. నేను ఈ రెంటిలో దేనికీ చెందకుండా పోయాను. నేను ఎక్కడికీ పోలేదు. ఆ ఇసుక నేలకు ఎదురుగా, మూడో అంతస్తులో, కాలు దిండు మీద పెట్టుకుని పడి ఉన్నాను. అలాంటివాడి చోటును ఏం చేయాలో మా నియమాల్లో లేదు.

కాలి నరం తెగిన రోజు సంగతి చెప్పాలి. ఫిబ్రవరి, మంచి చలిగాలి. నాకు అరవై దగ్గర పడుతోంది, అయినా ఎగిరేవాణ్ణి. బంతి నా తల మీదుగా వెనక్కి పోతుంటే రెండడుగులు వెనక్కి వేసి ఎగరబోయాను. కుడి మడమ మీద ఎవరో బలంగా తన్నారు. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు కూడా విన్నాను. ఇసుకలో పడుతూనే తల తిప్పి చూశాను. వెనక పైమంచం అతను నిలబడి ఉన్నాడు.

“ఎందుకురా తంతివి!” అని అరిచాను.

“నేనెందుకు తంతా చిన్నాయనా? నేను ఆడ ఉంటి” అని అతను నాలుగడుగుల దూరం చూపించాడు.

“లిఫ్టరు కావాలని ఎన్నాళ్ళనుంచో చూస్తాండావు. అందుకే తంతివి గదరా!”

పదిమంది విన్నారు. పక్క నేలలో క్రికెట్ ఆడుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. అతను నా దగ్గరికి వచ్చాడు. వంగి, నన్ను వీపుమీద ఎక్కించుకుని భాయ్ బస్సుదాకా మోశాడు. దారంతా అతని చెవి పక్కనే నేను తిడుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికి చూశాడు. పాదం కదల్లేదు. “వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా?” అని తనే అడిగాడు.

“అనిపించడం కాదు, తన్నారు” అన్నాను.

ఆయన నవ్వాడు. “ఈ నరం తెగినవాళ్ళు చాలామంది ఇదే చెప్తారు. ఒకాయన సముద్రం ఒడ్డున ఒంటరిగా పరుగెత్తుతూ తెంచుకున్నాడు. ఆయన కూడా వెనక్కి తిరిగి ఎవరు తన్నారని వెతికాడట.”

మంచం పక్కన పైమంచం అతను నా బూటు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. డాక్టరు అరబ్బీలోనే చెప్పాడు కానీ అతనికీ అంత అరబ్బీ వచ్చు. విన్నాడు. నా ముఖం చూశాడు. నేను గోడవైపు చూశాను. ఆ రోజు నేను ఒక మాట అనవలసింది. అనలేదు. నొప్పి ఒక వంక అయింది. నొప్పి తగ్గాక ఆలస్యమైపోయిందనేది ఇంకో వంక అయింది. తర్వాత వల పోయింది. ఇక నాకు వంక అక్కరలేకపోయింది.

నరం కుట్టి, నెలన్నర పిండికట్టు వేశారు. ఆ నెలన్నరా నన్ను చూసుకున్నది అతనే. నేను స్నానానికి పోయే ముందు కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసేవాడు. పనినుంచి రాగానే గంజి కాచి పళ్ళెం నా ఒళ్ళో పెట్టేవాడు. చేసిన మేలు చేసినట్టే రాస్తున్నాను, ఎవరూ నన్ను పక్షపాతి అనకూడదు. కానీ ఒకరోజు కవరు కడుతుంటే అతని వేళ్ళు చూశాను. చూపుడువేలికీ మధ్యవేలికీ తెల్లపట్టీ. కొట్టేవాడు వేళ్ళకు పట్టీ వేసుకోడు. లేపేవాడే వేసుకుంటాడు. ఆ రోజు నాకు గంజి దిగలేదు.

“వల ఏదీ?” అని అడిగాను.

“కింద హారిస్ రూములో పెట్టినాంలే చిన్నాయనా. నువ్వు పండుకో.” హారిస్ అంటే మా భవనం కాపలాదారు.

పండుకో. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కాలు బాగున్నన్నాళ్ళు నన్ను ఎవరూ పండుకోమనలేదు.

ఆ శుక్రవారాల సంగతి రాసేటప్పుడు ఇప్పటికీ సిగ్గేస్తుంది, అయినా రాస్తాను. స్నానాల గది కిటికీ ఆ ఇసుక నేలమీదికే ఉంటుంది గానీ ఎత్తులో ఉంటుంది. నేను లోపల గడియ వేసుకుని, బకెట్టు బోర్లించి, దానిమీద ఎడమ కాలితో నిలబడి, కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాణ్ణి. జారితే రెండో నరమూ పోయేది. ఆ బుద్ధి అప్పుడు లేదు. పైమంచం అతను నా చోట నిలబడి ఉండేవాడు. నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. వల నా ఎత్తున లేదు, అతని చెయ్యెత్తున కట్టారు. అంత దూరంనుంచి నాలుగు వేళ్ళ తేడా ఎలా కనిపిస్తుందని అడగవచ్చు. నాకు కనిపించింది. నేను లేపిన బంతి నిలువుగా లేచి ఒక్క క్షణం ఆగినట్టుండి దిగేది. అతను లేపింది గిరగిరా తిరుగుతూ పోయేది. అయినా దాన్ని కొట్టేవాళ్ళు కొడుతున్నారు. అంత వంకర బంతితో కూడా గెలుస్తున్నారు! పందొమ్మిదేళ్ళు నేను బంతిని అంత శ్రద్ధగా నిలబెట్టింది దేనికి?

వాళ్ళు మెట్లెక్కి వచ్చే చప్పుడునుబట్టే గెలుపో ఓటమో తెలిసిపోయేది. గెలిస్తే రెండో అంతస్తునుంచే నవ్వులు. నా గది తలుపు దగ్గరికి రాగానే నవ్వు ఆపి, చెప్పులు నెమ్మదిగా విడిచేవాళ్ళు. జబ్బుపడ్డ ఇంట్లో అడుగుపెట్టినట్టు. ఓడితే మొదటినుంచే గొణుగుడు. ఓడిన శుక్రవారాలు నాకు ఆకలి బాగా వేసేది. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. నేను చదువుకున్నవాణ్ణే.

పిండికట్టు విప్పాక పెద్ద బూటు, బూటు తీశాక కసరత్తులు. కసరత్తులు చేయించేది ఒక మలయాళీ ఆమె. అంకుల్ అని పిలిచేది. హిందీలో మాట్లాడుకునేవాళ్ళం. ఆరో నెలకు నేను కుడికాలి మునివేళ్ళ మీద పన్నెండుసార్లు లేచి దిగగలిగాను. మెట్లు ఎక్కాను, గోదాములో నిలబడి పని చేశాను. ఒకరోజు ఆమె జానెడెత్తు చెక్కమెట్టు చూపించి, దానిమీదనుంచి కుడికాలితో కిందికి దూకమంది. నేను ఎక్కాను. దిగలేదు. ఆమె నా వెనక్కి వచ్చి నడుము పట్టుకోబోయింది.

“వెనక నిలబడవద్దు!” అని కేక పెట్టాను. గదిలో అందరూ తిరిగి చూశారు.

ఆమె నింపాదిగా ముందుకు వచ్చి నిలబడింది. “అంకుల్, కాలు తయారుగా ఉంది. మీరే తయారుగా లేరు.”

“అంటే? నా తలకు రోగమా?”

“రోగం అని నేనన్నానా? నరం తెగినప్పుడు మీకు వెనకనుంచి దెబ్బ తగిలినట్టు అనిపించింది. నరం అతుక్కుంది, ఆ దెబ్బ మాత్రం మీ లోపల ఇంకా వెనకే నిలబడి ఉంది. కాలికి చేసినట్టే దానికీ కసరత్తు చేయాలి. చిన్నచిన్నగా.”

నాకు కోపం వచ్చింది. బాగా కోపం ఎప్పుడొస్తుందంటే ఎదుటివాళ్ళు నిజం చెప్పినప్పుడు. ఎందుకంటే అప్పటికే నాలుగు నెలలుగా నేను వీపు వెనక ఎవరినీ ఉండనివ్వడం లేదు. ఖుబ్బూస్ రొట్టెల కోసం బేకరీ ముందు వరుసలో నిలబడితే, నా వెనక ఎవరైనా వస్తే వాళ్ళను ముందుకు పొమ్మనేవాణ్ణి. అలా అందరికీ దారి ఇచ్చి చివరి రొట్టెలు తెచ్చుకునేవాణ్ణి. బస్సులో వెనక సీటే కావాలి. గోదాములో డబ్బాలు లెక్కపెట్టేటప్పుడు వీపు గోడకు ఆనాలి. నా మర్యాద పెరిగిందని గోదాము మేనేజరు అనుకున్నాడు.

ఆ కసరత్తుల గదిలోనే మిష్రిఫ్‌నుంచి ఒక కువైటీ యువకుడు వచ్చేవాడు. ఫుట్‌బాల్ ఆటగాడు, మోకాలు పోయింది. తల్లి వచ్చేది, అన్న వచ్చేవాడు, జట్టువాళ్ళు మిఠాయి పెట్టెతో వచ్చేవాళ్ళు. వాళ్ళ మీద కాదు నా మంట. వారానికోసారి ఒకాయన వచ్చి అతని పక్కన కుర్చీ వేసుకుని కూచునేవాడు. కాలు ముట్టుకునేవాడు కాదు. వట్టినే మాట్లాడేవాడు. ఎవరని మలయాళీ ఆమెను అడిగితే, “మళ్ళీ ఆడాలంటే భయం ఉంటుంది కదా, దాని గురించి మాట్లాడటానికి” అంది. భయం గురించి మాట్లాడటానికే ఒక మనిషి! ఆ రోజంతా ఆ కుర్చీ నా కళ్ళముందే ఉంది. నాకూ ఒక మనిషి ఉన్నాడు, పై మంచం మీద. నా భయం పుట్టిన చోట నిలబడి చూసినవాడు అతనొక్కడే. కానీ ఎవరిమీద నింద వేశానో అతని దగ్గర కూచుని, నాకు వెనక ఎవరుంటే భయమో ఎలా చెప్పను?

అక్టోబరులో ఎండ దిగింది. ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా కిందికి దిగాను. వల అప్పటికే కట్టి ఉంది. నేను ఇసుకలో అడుగుపెట్టగానే పైమంచం అతను నన్ను చూశాడు, వేళ్ళ పట్టీలు విప్పుకుంటూ మాట్లాడకుండా పక్కకు జరిగాడు. ఎవరో బంతి నా చేతిలో పెట్టారు. తొలి సర్వీసు. నియమం నియమమే! ఎనిమిది నెలలుగా అనవసరంగా కుమిలిపోయాను, నేను చుట్టీలోనే ఉన్నాను అనుకున్నాను. సర్వీసు వల దాటింది. వల దగ్గరికి వచ్చి అలవాటు చొప్పున చెయ్యి ఎత్తి చూశాను. జానెడు మీద ఇంకో నాలుగు వేళ్ళు ఎక్కువ. సరే, పోనీలే అనుకున్నాను.

మొదటి బంతి వచ్చింది. చక్కటి బంతి, పసిపిల్లవాడు కూడా లేపగలిగేది. అది గాలిలో ఉండగా నేను వెనక్కి తిరిగి చూశాను. ఎందుకో నాకే తెలియదు. వెనక ఎవరూ లేరు. తిరిగి చూసేసరికి బంతి నా భుజం పక్కన ఇసుకలో పడింది.

నేను తిట్లకోసం ఎదురుచూశాను.

“పర్వాల్యా చిన్నాయనా” అన్నాడు పైమంచం అతను.

రెండోది. మళ్ళీ వెనక్కి తిరిగాను. మళ్ళీ పడింది.

“నిదానం, నిదానం. కాలు చూసుకో” అన్నారు ఇంకెవరో.

మూడోది ఎలాగో వేళ్ళకు తగిలి, వల కిందినుంచి అవతలికి దొర్లింది. అప్పుడు రాయచోటి భాయ్ చప్పట్లు కొట్టాడు. “శాబాష్ మామా! తగిలింది గదా, చాలు!” అందరూ కొట్టారు. లేపేవాడికి చప్పట్లు! పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి లేనిది, బంతి వల కింద దొర్లినందుకు కొట్టారు. నాకు అప్పుడు అర్థమైంది, నన్ను క్యాన్సిల్ చేశారని. చుట్టీనుంచి వచ్చినవాణ్ణి ఎవరూ అలా మెచ్చుకోరు.

కాలు లాగుతోందని చెప్పి బయటికి వచ్చి సిమెంటు టైరు మీద కూచున్నాను. లాగడం లేదు. పైమంచం అతను నా చోటికి వచ్చాడు. అతను లేపిన మొదటి బంతే వంకరగా పోయింది.

“రేయ్, కండ్లు చేపల మార్కెట్లో పెట్టొచ్చినావా? యాడికిరా లేపుతాండావు!” అని భాయ్ అరిచాడు.

అది నా తిట్టు. చేపల మార్కెట్టుతో సహా మాట మారకుండా నా తిట్టు. నా వల పోయినప్పుడు కాదు, నా చోటు పోయినప్పుడు కాదు, ఆ తిట్టు అతనికి పోయినప్పుడు నన్ను దోచుకున్నారనిపించింది. అతను నవ్వుతూ తల గోక్కున్నాడు. తన దగ్గర ఏముందో కూడా అతనికి తెలియదు.

గదికి వచ్చి, మా ఆటవాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాశాను. మిగతావాళ్ళు నోటితో చెప్పి పంపుతారు, లేకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో ముక్కలు ముక్కలుగా కొడతారు. నేను తెలుగు అక్షరాల్లో, కామాలు పెట్టి రాశాను. “అయ్యలారా, నేను చుట్టీలో ఉన్నానా, క్యాన్సిల్ అయ్యానా? నేను మంచాన ఉన్నప్పుడు వలను అడగకుండా ఎందుకు తీసుకుపోయారు? ఈ రెంటికీ జవాబు కావాలి.”

నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. రెండు దండాలు వచ్చాయి. ఒకాయన గులాబీపువ్వు పంపాడు. పైమంచం అతను చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి, అంతే. చూసినప్పుడు అతను నా తలకు మూడడుగుల పైన ఉన్నాడు.

తర్వాత బజారులో రాయచోటి భాయ్ కనిపిస్తే నిలదీశాను. “అరే మామా, మనసులో పెట్టుకోవద్దు. ఆరోగ్యం ముఖ్యం. నువ్వు మా పెద్దోడివి, వచ్చి కూచో, చూడు, టీ తాగు.”

“నేను అడిగింది టీ గురించి కాదు.”

“యల్లా, పోవాల మామా, సవారీ వెయిట్ చేస్తాంది” అని బస్సు ఎక్కాడు.

మూడు శుక్రవారాలు నేను దిగలేదు. పొద్దున్నే కుడి మడమకు సాగే పట్టీ గట్టిగా చుట్టుకుని, మంచం మీద కాలు చాపుకుని కూచునేవాణ్ణి. “నొప్పా చిన్నాయనా?” అంటే “ఊఁ” అనేవాణ్ణి. నొప్పి లేదు. పట్టీ ఉంటే వాళ్ళచేత ‘పర్వాల్యా’ అనిపించుకోవడానికి ఒక కారణం ఉంటుంది. పట్టీ లేకుండా ఓడిపోవడం చేతకాలేదు. ఇలాంటి దొంగతనం నేను అంతకుముందు చేయలేదు. చేసినవాళ్ళను క్షమించనూలేదు.

కానీ ఎవరూ లేనప్పుడు వంటగదిలో నేను ఒక పని చేసేవాణ్ణి. మలయాళీ ఆమె చిన్నచిన్నగా అంది కదా. ఫ్రిజ్జుకు వీపు ఆనించి నిలబడి, చేతికి అందినదాన్ని వేళ్ళ కొసలతో పైకి లేపడం. బంతి లేదు గదా. మొదట టవలు ఉండచుట్టి లేపాను. తర్వాత క్యాబేజీ. మంచి బరువు, గుండ్రన. మునివేళ్ళ మీద లేచి, క్యాబేజీని నిలువుగా లేపి, దిగి, పట్టుకుని, మళ్ళీ. వారం తర్వాత ఫ్రిజ్జునుంచి ఒక అడుగు ముందుకు జరిగాను. ఆ తర్వాత రెండడుగులు. వెనక గాలి ఆడుతుంటే వీపు జిల్లుమనేది. అయినా తిరగకుండా పది దాకా లెక్కపెట్టేవాణ్ణి.

మూడో శుక్రవారం తర్వాతి గురువారం సాయంత్రం. పట్టీ విప్పి గట్టు మీద పెట్టాను. ఫ్రిజ్జుకు మూడడుగుల దూరం. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. ఇరవయ్యోసారి కొంచెం ఎగిరాను కూడా. రెండు కాళ్ళూ నేలను వదిలాయి, కుడికాలు ముందు దిగింది, ఏమీ కాలేదు. సంతోషంతో తిరిగాను. గుమ్మంలో పైమంచం అతను నిలబడి ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో ఉల్లిపాయల కవరు. ఎంతసేపటినుంచి నా వెనక నిలబడి ఉన్నాడో తెలియదు.

అతను గట్టు మీది పట్టీ చూశాడు. నా మడమ చూశాడు. సంచి దించాడు. నా చేతిలోంచి క్యాబేజీ తీసుకుని, చెక్కమీద పెట్టి, కత్తితో రెండు ముక్కలు చేశాడు. ఇన్నాళ్ళూ నాతో పండుకో, పర్వాల్యా లాంటివి తప్ప గట్టిగా ఒక మాట అనని మనిషి, క్యాబేజీ తరుగుతూ, నా వైపు చూడకుండా, నేను రాతపూర్వకంగా అడిగినదానికి జవాబు చెప్పాడు. ఒక్క మాటా మార్చకుండా రాస్తున్నాను.

“క్యాన్సిలు గాదు ఏమీ గాదు, గమ్మునుండి నేను చెప్పేది ఇను చిన్నాయనా. వల అడిగితే నువ్వు తీసుకోమంటావు, తీసుకున్నాక గోడ పక్కకు తిరుక్కోని ఏడుచ్చావు. అది చూడల్యాక నువ్వు బాత్రూములో ఉన్నబ్బుడు ఎత్తుకోని పోయినా. తప్పే, అడగాల్సింది. మరి నువ్వు? పదిమందిలో నన్ను ఎందుకురా తంతివి అంటివే. కాదని డాక్టరు నీ మొగం మీదనే చెప్పినాక గూడా ఒగ మాట అంటివా? నెలన్నర నీ కాలికి కవరు చుట్టినా, తన్నినోడు చుడతాడా అట్ల? ఇంగ ఈ దొంగపట్టీ నా కంటికి కనపడిందంటే కిటికీలోంచి ఇసిరేచ్చా. చుట్టీ అయిపోయి నెలయింది, ఇంగా ఎన్నాళ్ళు కూచ్చుంటావు? రేపు పొద్దన్నే హారిస్ రూములో వల నువ్వే తీసుకోని, నువ్వే మోసుకోని రా, నేను మొయ్యను. ఎత్తు నీ చేత్తోనే కొలుచ్చుకో. వెనకాల ఎవరో ఉండారని ఊరికే తిరిగి తిరిగి చూసేది మానుకో. ఎవరో గాదు, నీ వెనకాల నేనే నిలబడతా. బంతి కింద పడేస్తివంటే మాత్రం, ఈ తూరి నిజ్జంగానే తంతా.”